నోట్సులో లేని పేజీలు

ఆల్తాగ్రాసియా, ఒమెతెపె ద్వీపం
మార్చి 9

అమ్మా,

నువ్వు పంపిన స్వెట్టర్ అందింది. ఇక్కడ ఒళ్ళంతా చెమటలు కారుతుంటే స్వెట్టరేమిటని అమ్మమ్మ నవ్వింది. "సరిహద్దు అవతల కార్తాగోలో దానికి చలేస్తే ఇక్కడ మనకీ వేస్తుందనుకుంటుంది మీ అమ్మ" అంది. అన్నదే గాని దాన్ని నాకివ్వలేదు. మడతపెట్టి తన దిండు కింద దాచుకుంది.

బడి మొదలైంది. ఈ ఏడు మాకు సాహిత్యం చెప్పేది ఇలియానా టీచర్. సరస్సు అవతల రీవాస్ నుంచి సోమవారం లాంచీలో వస్తారు, శుక్రవారం వెళ్ళిపోతారు. వచ్చిన రోజే క్లాసునంతా నలుగురి చొప్పున గ్రూపులు చేశారు. గ్రూపుకి ఒక పుస్తకం. అందరిదీ ఒకే నవల, 'ఉప్పునీటి దీపం'. సంవత్సరమంతా ఇదేనట. నా గ్రూపులో హోల్మన్, దానేలియా, ఫౌస్తో ఉన్నారు. హోల్మన్ నీకు తెలుసు, రేవు దగ్గర సైకిళ్ళు బాగుచేసే తాత మనవడు. ఇప్పుడు మీసం వస్తోంది, నోరు మాత్రం అలాగే ఉంది.

ఒక్కొక్కరికి ఒక్కో పని. దానేలియా పైకి చదవాలి. ఫౌస్తో తెలియని మాటలు ఏరాలి. హోల్మన్ ప్రశ్నలు వేయాలి. వాడికి ఆ పని ప్రత్యేకంగా అప్పగించాలా? నాది నోట్సు.

మొదటివారం దానేలియా చదువుతుంటే వేలు వాచేలా రాశాను. టీచర్ చూసి, "ఆరసేలీ, ఇది నోట్సు కాదమ్మా, పుస్తకానికి రెండో కాపీ" అన్నారు. "మంచిదేగా టీచర్, మాకున్నది ఒక్కటే" అన్నాడు హోల్మన్. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు టీచర్ బోర్డు మీద ఒక పేజీ బొమ్మ వేశారు. ఎడమపక్కన నిలువుగా ఒక గీత. చదివేటప్పుడు కలం పట్టకూడదు. ఒక ఘట్టం అయ్యాక పుస్తకం మూసి, గుర్తున్నది సొంత మాటల్లో గీతకి కుడివైపు రాయాలి. మనకొచ్చిన అనుమానం ఎడమవైపు. పేజీ అడుగున ఒకే ఒక్క వాక్యం, ఇది దేని గురించో. "అంతా రాసేస్తే నీకేది ముఖ్యమో నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

బడిలో ఏం చెబుతున్నారో రాయమంటావు కదా. మొదటి రెండు అధ్యాయాల నోట్సు నీకోసం మళ్ళీ రాసి ఇందులో పెట్టాను. ఒక నది సముద్రంలో కలిసేచోట దీపస్తంభం ఉంటుంది. దాన్ని చూసుకునే ముసలాయన తిబుర్సియో. ఆయన దగ్గర బెనీసియో అనే చిన్నపిల్లాడు పెరుగుతుంటాడు. దీపం ఆరితే పడవలు ఇసుకమేటకి కొట్టుకుంటాయి. మిగతాది నోట్సులో చూడు.

మోకాలినొప్పి తగ్గిందని రాయమంది అమ్మమ్మ. తగ్గలేదు.

నీ
ఆరసేలి

*

కార్తాగో
ఏప్రిల్ 2

బంగారుతల్లీ,

నీ నోట్సు ముందు నేను చదువుకున్నాను, తర్వాత నేను చూసుకునే పెద్దావిడకి వినిపించాను. దోన్యా క్లెమెన్సియా మంచం దిగి చాలాకాలమైంది కదా, ఇంట్లోకి ఏ కొత్త కబురొచ్చినా ఆవిడకి పండగే. పొద్దున తల దువ్వుతూ చదివాను. పడవ ఇసుకలో కూరుకుపోయే చోట నేను దువ్వెన గట్టిగా లాగినట్టున్నాను. "కథ చెబుతున్నావా, జుట్టు పీకుతున్నావా?" అంది.

నేను నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని. గీతకి అటొకటి, ఇటొకటి రాయాలని నాకెవరూ చెప్పలేదు. నీ ఎడమపక్క ప్రశ్నలు నాకు బాగా నచ్చాయి. "దీపం చూసుకునేవాడికి నిద్రొస్తే ఎవరు చూస్తారు?" అని రాశావు. నేనైతే అది అడిగేదాన్నే కాదు.

అంతా విన్నాక దోన్యా, "బాగుంది నుబియా, మరి ఆ పిల్లాడి తల్లేది?" అంది. నాకేం తెలుసు? "మా అమ్మాయిని అడిగి చెబుతానండీ" అన్నాను. చెప్పు మరి.

ఇంకో సంగతి. ఈస్టర్ ముందు పవిత్రవారానికి వస్తానన్నాను. దోన్యాకి దగ్గు ముదిరింది, వదిలి రావడం కుదరదు. ఏమీ అనుకోకు. త్వరలో వస్తాను. అమ్మమ్మ పాకంలో మామిడికాయలు ఉడికిస్తే నా వాటా కూడా నువ్వే తినేయి.

నీ
అమ్మ

*

ఆల్తాగ్రాసియా
ఏప్రిల్ 21

అమ్మా,

రాకపోయినా పర్వాలేదు. పండక్కి లాంచీలన్నీ కిక్కిరిసిపోయాయి, వచ్చినా నిలబడి రావాల్సివచ్చేది. అమ్మమ్మ మామిడికాయలు, బొప్పాయి కలిపి పాకం పట్టింది. నీ వాటా నేను తినలేదు. సీసాలో ఉంది.

బెనీసియో తల్లి ఊళ్ళో ఉండదు. అది కథలో అంత ముఖ్యం కాదు.

మూడు, నాలుగు, ఐదు అధ్యాయాల నోట్సు పెడుతున్నాను. దీపానికి నూనె ఎలా పోస్తారో, అద్దాలు ఎలా తుడుస్తారో అంతా వివరంగా రాశాను. తుఫాను కూడా ఉంది. దోన్యాకి నచ్చుతుంది.

ఆవిడ దగ్గు ఎలా ఉంది?

ఆరసేలి

*

కార్తాగో
జూన్ 14

తల్లీ,

నీకో వింత చెప్పాలి. దోన్యా కొడుకు హెర్నాన్ గారు శాన్ హోసె వెళుతుంటే పుస్తకం పేరు కాగితం మీద రాసిచ్చాను. పాతపుస్తకాల అంగట్లో దొరికిందట. అట్ట సగమే ఉంది. అయినా ఇది నా పుస్తకం. ఇంతవరకు నాకంటూ ఒక పుస్తకం లేదు, తెలుసా?

చిక్కుళ్ళు ఉడికేలోగా ఒక పేజీ, బట్టలు ఆరేలోగా ఒక పేజీ చదివాను. ఇక్కడ బట్టలు ఆరవు కాబట్టి చాలానే చదివాను. నువ్వు చెప్పినట్టే పాత క్యాలెండరు వెనకవైపు గీత గీసి నోట్సు మొదలుపెట్టాను. నేనూ నీలాగే మొదట పుస్తకమంతా దించేశాను. "ఇక చోటు చాలక నా దుప్పటి మీద రాస్తావు కాబోలు" అంది దోన్యా. ఇప్పుడిప్పుడే చేయి తిరుగుతోంది.

నిన్న నీ నోట్సు, నా నోట్సు పక్కపక్కన పరిచి చూశాను. తప్పులు వెదకడానికి కాదు, నేర్చుకుందామని. తుఫాను నువ్వు రాసినంత బాగా నేను రాయలేదు. అది చదివితే ఒళ్ళు తడిసినట్టుంది.

ఒక్క మాట అడుగుతాను. మూడో అధ్యాయంలో కథ కాస్త వెనక్కి వెళ్ళినప్పుడు ఓర్తెన్సియా, అంటే బెనీసియో తల్లి, అరటిపళ్ళు ఎగుమతి చేసే ఊళ్ళో పనికోసం ఓడెక్కి వెళ్ళిపోతుంది. నాలుగులో ఆ పిల్లాడు వచ్చిన ప్రతి ఓడకీ మెట్లు దిగి పరిగెత్తుతాడు. ఐదులో తల్లి ఉత్తరం వస్తే విప్పకుండా చొక్కాలో పెట్టుకుని తిరుగుతాడు. ఇవేవీ నీ నోట్సులో లేవు. మీ కాపీలో ఆ పేజీలు చిరిగిపోయాయా? అలాగైతే చెప్పు, నా పుస్తకంలోంచి రాసి పంపుతాను.

ఎప్పుడూ ఉత్తరం కింద 'నీ ఆరసేలి' అని రాస్తావు. ఈసారి 'నీ' లేదు. తొందరలో మర్చిపోయి ఉంటావు.

త్వరలో వస్తాను.

నీ
అమ్మ

*

ఆల్తాగ్రాసియా
జూన్ 30

అమ్మా,

పేజీలు చిరగలేదు. మర్చిపోనూలేదు.

ఓర్తెన్సియా ఓడెక్కిన రోజు ఏమైందో చెబుతాను. దానేలియా చదవడం ఆపింది. హోల్మన్ ప్రశ్న వేయాలి కదా, వేశాడు. "ఈవిడ తిరిగొస్తే బెనీసియో తలుపు తీయాలా?" అన్నాడు. వాడే జవాబూ చెప్పాడు. "నేనైతే గడియ పెట్టేస్తా. డబ్బాడు బిస్కెట్లు పంపితే అమ్మ అయిపోతుందా?" అన్నాడు. "నీకేం తెలుసురా, ఆరసేలిని అడగాలి గాని" అంది దానేలియా. తను చెడ్డగా అనలేదు. కానీ ముగ్గురూ నా వంక చూశారు. ఫౌస్తో కూడా, ఎప్పుడూ పుస్తకంలోంచి తలెత్తనివాడు.

గొంతు నొప్పిగా ఉందని చెప్పాను. ఆ పేజీలో నూనె గురించి రాశాను. తర్వాత తల్లి మాట వచ్చిన ప్రతిచోటా అంతే, ఇంకేదో రాశాను. గ్రూపులో ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళకి నోట్సు ఉంటే చాలు.

టీచర్ పట్టించుకున్నారు. నన్ను ఒక్కదాన్నే ఉండమన్నారు. కోప్పడతారనుకున్నాను. "అక్కర్లేనిది వదిలెయ్యమని నేనే చెప్పాను. ఇది అక్కర్లేకనే వదిలావా?" అని అడిగారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. "సరే, రాయాలనిపించినప్పుడు రాయి. పేజీలో చోటు ఉంచు" అన్నారు. అప్పటినుంచి సగం పేజీ ఖాళీగా వదులుతున్నాను.

అమ్మా, నేను చిన్నప్పుడు రేవుకి పరిగెత్తేదాన్నని అమ్మమ్మ నీకెప్పుడూ రాయలేదు. నేను రాయొద్దన్నాను. నువ్వు ప్రతి ఉత్తరంలో త్వరలో అంటావు. నాకు పదేళ్ళప్పుడు త్వరలో అంటే పండక్కి అనుకున్నాను. తర్వాత వచ్చే పండక్కి అనుకున్నాను. ఇప్పుడు పద్నాలుగు. హోల్మన్ అన్న మాటకి కోపం రావాలి కదా. రాలేదు. నాక్కూడా అలాగే అనిపించిందని భయమేసింది.

నువ్వు ఎప్పుడొస్తావో నిజం రాయి. రాకపోతే రానని రాయి. త్వరలో అని మాత్రం రాయకు.

ఆరసేలి

*

కార్తాగో
జూలై 20

ఆరసేలీ,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు ఊరుకున్నాను. కాగితం తీయడం, పెట్టేయడం. చివరికి దోన్యా, "ఆ పిల్ల అడిగింది ఒక్కటే. ఒక్కదానికి జవాబు రాయడానికి ఎన్ని కాగితాలు కావాలే?" అంది.

ఈ ఏడు రాను. వచ్చే ఏడు సంగతి తెలియదు.

దోన్యా దగ్గు అబద్ధం. ఆవిడకి ఆ మధ్య జలుబు కూడా చేయలేదు. నాకిక్కడ ఉండటానికి కాగితాలు లేవు. వచ్చినప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. సరిహద్దు దాటి అటు వస్తే మళ్ళీ ఇటు రానివ్వరు. అటు ఉండిపోతే నీ బడి ఎలాగ, అమ్మమ్మ మందులెలాగ అని ఆగిపోతున్నాను. ఇది రాస్తే నువ్వు భయపడతావని, రోడ్డు మీద ఎప్పుడు ఆపుతారో అని నిద్రపోవని, ఇన్నాళ్ళు త్వరలో అని రాశాను.

హోల్మన్ మీద కోపం వద్దు. వాడు గడియ పెట్టనీ. నీకూ అలాగే అనిపించిందన్నావు, నువ్వూ పెట్టుకో. ఆ ఓర్తెన్సియా గడప బయట కూర్చుంటుంది. అంతదూరం నుంచి వచ్చింది, ఇంకాసేపు కూర్చోలేదా?

మూడో అధ్యాయానికి నా నోట్సు కింద రాస్తున్నాను. స్పెల్లింగులు దోన్యా దిద్దింది. మిగతాది నాది. నీ ఖాళీ సగంలో పెట్టుకుంటే పెట్టుకో, లేకపోతే లేదు.

కుడిపక్క: ఓర్తెన్సియా సంచీ పుచ్చుకుని ఓడెక్కింది. బెనీసియో మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఎడమపక్క: వాడికి ఆమె వీపే కనిపించింది. ముఖం ఎవరికి కనిపించింది?

అడుగున: తిరిగి చూసి ఉంటే దిగిపోయేది.

నీ
అమ్మ

*

ఆల్తాగ్రాసియా
సెప్టెంబర్ 5

అమ్మా,

నీ ఉత్తరం కొన్నాళ్ళు పుస్తకాల సంచీలోనే పెట్టుకుని తిరిగాను. అమ్మమ్మ నా పళ్ళెంలో ఎక్కువ చీజు పెడుతూ పోయింది, ఏమీ అడగలేదు. ఒకరోజు నేనే, "అమ్మకి కాగితాలు లేవని నీకు తెలుసా?" అన్నాను. "తెలుసు" అంది. "నాకెందుకు చెప్పలేదు?" అంటే, "నువ్వు రేవుకి పరిగెత్తేదానివని దానికి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. అది నీకు చెప్పొద్దంది, చెప్పలేదు. మీ ఇద్దరి మధ్యా నా కడుపు ఉబ్బిపోతోంది" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు గ్రూపులో నీ నోట్సు చదివాను. ఎవరిదో చెప్పలేదు. 'తిరిగి చూసి ఉంటే దిగిపోయేది' అన్నచోట దానేలియా, "ఇది నువ్వు రాసింది కాదు" అంది. "మా అమ్మ రాసింది" అన్నాను. ఫౌస్తో నెమ్మదిగా, "ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను. హోల్మన్ పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాడు. చెక్కి చెక్కి అది వేలెడయింది.

టీచర్ వచ్చి ఏమైందని అడిగితే చెప్పాం. ఆవిడ క్లాసు మొత్తాన్ని, "మీలో ఎంతమందికి ఇంట్లోవాళ్ళు సరిహద్దు అవతల ఉన్నారు?" అని అడిగారు. సగానికి పైగా చేతులు లేచాయి. హోల్మన్ చెయ్యి లేవలేదు. దానేలియా వాడి మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది. "వదులే" అన్నాడు గాని చెయ్యి దించలేదు. వాళ్ళమ్మ లిమోన్‌లో ఉందట, అమ్మా. నేను ఇన్నేళ్ళు పక్కన కూర్చుని కూడా ఎరగను. సైకిళ్ళ తాతే వాడికి అమ్మా నాన్నా అనుకున్నాను.

ఇప్పుడు మా గ్రూపులో నువ్వు ఐదోదానివి. టీచర్ ఒప్పుకున్నారు. ఇవి నీకు ప్రశ్నలు.

హోల్మన్: "నుబియా గారూ, ఓర్తెన్సియా ఏ ఉత్తరం రాసినా బాగున్నాననే ఎందుకు రాస్తుంది?"

దానేలియా: "ఆవిడ అక్కడ ఎప్పుడైనా నవ్వేదా? పుస్తకంలో లేదు."

ఫౌస్తోకి ప్రశ్న లేదు. కార్తాగోలో వాడే మాట ఏదైనా, ఇక్కడ లేనిది, ఒకటి పంపమన్నాడు.

నాది ప్రశ్న కాదు. ఫౌస్తో వాళ్ళ పిన్ని సరిహద్దులో, పేన్యాస్ బ్లాంకాస్‌లో, వేయించిన అరటికాయ ముక్కలు అమ్ముతుంది. అక్కడ మన గేటుకీ వాళ్ళ గేటుకీ మధ్య కొంత రోడ్డు ఉందట. అమ్మేవాళ్ళూ మోసేవాళ్ళూ అటూ ఇటూ తిరుగుతుంటారట. ఆదివారాలు గార్డులు చూసీ చూడనట్టు ఉంటారని, నీలాంటివాళ్ళు వచ్చి ఇంట్లోవాళ్ళని చూసి వెళతారని ఆవిడ చెప్పింది. ఒమెతెపె నుంచి లాంచీలో శాన్ హోర్హె, అక్కడినుంచి రీవాస్, రీవాస్ నుంచి ఒకటే బస్సు. నేను మ్యాపు చూశాను.

నువ్వు ఇటు రానక్కర్లేదు. అక్కడిదాకా రాగలవా?

నీ
ఆరసేలి

*

కార్తాగో
అక్టోబర్ 10

బంగారుతల్లీ,

ముందు క్లాసు పని.

హోల్మన్‌కి: చదివేవాడు చిన్నవాడు కనుక నాయనా. ఇక్కడ జ్వరం వచ్చిందని రాస్తే, ఆ ఉత్తరం చేరేలోగా ఇక్కడ జ్వరం తగ్గిపోతుంది. అక్కడ పిల్లాడికి మాత్రం అప్పుడే మొదలవుతుంది. అందుకని బాగున్నాననే రాస్తుంది. నేనూ అలాగే రాసేదాన్ని. మంచిపని అని చెప్పను. ఎందుకు చేస్తారో చెబుతున్నాను, అంతే.

దానేలియాకి: నవ్వేది. రోజంతా ఏడుస్తూ ఎవరూ పనిచేయలేరు. దోన్యా నన్ను నవ్వించని రోజు లేదు. కానీ ఆ మాట పిల్లాడికి రాయదు. నువ్వు పక్కన లేకుండానే నవ్వుతున్నానని ఎలా రాస్తుంది?

ఫౌస్తోకి: ఇక్కడ గొడుగు తీయాలో వద్దో తెలియనంత సన్నగా పడే వానని 'పిల్లివెంట్రుక' అంటారు. ఈపూట అదే పడుతోంది.

ఇక నీది. మ్యాపు చూశానన్న మాట చదివి పొయ్యి మీద అన్నం మాడ్చాను. నాలుగేళ్ళుగా నేను ఇంటికి రావడం గురించే ఆలోచించాను గాని, గేటు దాకా రావచ్చని నాకు తట్టనేలేదు. దారిలో పోలీసులు బస్సులు ఆపి చూస్తారు, అదే భయం. మంచం మీద పడుకుని దోన్యా నా తరఫున కొడుకుతో పోట్లాడింది. "నీకు సరిహద్దుకెళ్ళే దారిలో లిబేరియా ఊళ్ళో పనుందిగా?" అంది. "లేదమ్మా" అన్నాడాయన. "ఉంది, కల్పించుకో" అంది. హెర్నాన్ గారు తన ట్రక్కులో తీసుకొస్తానన్నారు. ఆయన పక్కన కూర్చుంటే ఎవరూ ఆపకపోవచ్చు. ఆపినా ఆపవచ్చు. నిజం చెప్పమన్నావు కాబట్టి రెండూ రాస్తున్నాను.

మన ఊరి శాన్ దియేగో పండగ అయ్యాక వచ్చే ఆదివారం. పొద్దున. ఆ సమయానికి నేను కనిపించకపోతే మధ్యాహ్నం దాకా చూసి వెళ్ళిపోండి. అమ్మమ్మని ఎండలో నిలబెట్టకు.

నీ
అమ్మ

*

ఆల్తాగ్రాసియా
నవంబర్ 29

అమ్మా,

నువ్వు ఉన్నప్పటి సంగతులు నీకు తెలుసు. నువ్వు చూడనివి రాస్తాను.

అమ్మమ్మ తెల్లవారకముందే మొక్కజొన్న ముద్దలో మాంసం పెట్టి, అరటాకుల్లో నాకతమాల్‌లు కట్టింది. అవి మనకని అనుకున్నాను. సగం గార్డుకి పెట్టింది. అతను "ఏమిటవ్వా ఇది, లంచమా?" అంటే, "కాదు, భోజనం. తింటూ ఉంటే నోరు ఊరుకుంటుంది, కళ్ళు కిందకి ఉంటాయి" అంది. అతను నవ్వి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అప్పటికి ఎండ ఎక్కింది, నువ్వు ఇంకా రాలేదు. అమ్మమ్మ స్వెట్టర్ వేసుకుని ఉంది, ఆ ఎండలో. "విప్పేయి" అంటే, "పంపింది కదా, వేసుకున్నట్టు కనిపించాలి" అంది.

లారీల మధ్యనుంచి నువ్వు నడిచి వస్తుంటే నేను నిన్ను గుర్తుపట్టలేదు. ఆ పచ్చ గౌను ఆవిడ ఎవరో అనుకున్నాను. ఇది నీకు చెప్పకూడదని బస్సులో అంతా అనుకున్నాను. చెబుతున్నాను.

ఏం మాట్లాడాలో దారిపొడవునా తయారుచేసుకున్నాను. టీచర్‌ని అడిగి పుస్తకం కూడా తెచ్చాను, చివరి అధ్యాయం కలిసి చదువుదామని. నువ్వు వచ్చీ రాగానే, "ఈ జడ ఎవరేశారు?" అన్నావు. "నేనే" అన్నాను. "వంకరగా ఉంది, ఇటు తిరుగు" అన్నావు. మూట మీద కూర్చుని జడ విప్పి మళ్ళీ వేస్తుంటే నా వెనక నువ్వు ఏడుస్తున్నావని తెలుసు. తల కదిపితే ఆపేస్తావని కదపలేదు. పుస్తకం సంచీలోనే ఉండిపోయింది.

నువ్వు వెళ్ళాక అమ్మమ్మా నేనూ చాలాసేపు అక్కడే కూర్చున్నాం. నాకు ఏడుపు రాలేదు. ఆకలేసింది. ఫౌస్తో పిన్ని అరటికాయ ముక్కలు పెట్టింది, మొత్తం తినేశాను. జడ మూడురోజులు విప్పలేదు. తలంతా దురద.

నిన్న బడిలో ప్రదర్శన జరిగింది. ప్రతి గ్రూపూ పుస్తకం లేకుండా, నోట్సు మాత్రం పట్టుకుని, నవల గురించి ఊళ్ళోవాళ్ళ ముందు చెప్పాలి. చివరి అధ్యాయం మా వంతుకి వచ్చింది. ఓర్తెన్సియా తిరిగొస్తుంది. బెనీసియో నూనెగదిలో దాక్కుంటాడు. ఆమె మెట్ల మీద కూర్చుంటుంది. చీకటి పడుతుంది, దీపం వెలిగించే వేళవుతుంది. వెలిగించాలంటే వాడు ఆమె పక్కనుంచే వెళ్ళాలి. వాడు తలుపు తీస్తాడు. అక్కడితో పుస్తకం అయిపోతుంది.

"తర్వాత ఏమైందో రాయకుండా ఆపేశారు, ఇదేం పద్ధతి?" అని అడిగింది దానేలియా వాళ్ళమ్మ, వెనకబెంచీ నుంచి. ప్రశ్నలకి హోల్మన్ జవాబు చెప్పాలి. వాడు చెప్పకుండా నా వైపు కాగితం తోశాడు. నేను లేచి, "తర్వాత పెద్ద మాటలేవీ మాట్లాడుకోరండీ. ఆవిడ వాడి చొక్కా గుండీ ఊడిందని అంటుంది. వాడు అవునంటాడు. ఆవిడ కుట్టిపెడుతుంది" అన్నాను. "నీకెలా తెలుసే?" అందావిడ. "తెలుసు" అన్నాను. అందరూ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. సైకిళ్ళ తాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

బయటికొచ్చాక హోల్మన్, "బెనీసియో తలుపు తీయకూడదనే ఇప్పటికీ నేనంటాను" అన్నాడు. "అను" అన్నాను. కాసేపు నడిచాక, "లిమోన్ నుంచి పేన్యాస్ బ్లాంకాస్ ఎంత దూరం?" అని అడిగాడు. మ్యాపు నా దగ్గరే ఉంది. వాడికిచ్చేశాను.

నీ
ఆరసేలి

*

కార్తాగో
డిసెంబర్ 12

తల్లీ,

గుర్తుపట్టలేదని రాశావు. బాధపడలేదని చెబితే అబద్ధం. కాని నేనూ ఒకటి చెబుతాను. అమ్మమ్మ పక్కన నిలబడ్డ అమ్మాయిని చూసి, ఫౌస్తో వాళ్ళ అక్క ఎవరైనా తోడు వచ్చిందేమో అనుకున్నాను. నీకోసం చిన్నపిల్లల మధ్య వెదికాను. ఇద్దరం సమానం.

కాగితాల కోసం హెర్నాన్ గారు నన్ను లాయరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పేర్లు, తేదీలు రాసుకున్నారు. ఏమవుతుందో తెలియదు. తెలిసిన రోజు రాస్తాను, తెలియనంతవరకు తెలియదనే రాస్తాను.

దోన్యాకి ప్రదర్శన సంగతంతా చదివాను. గుండీ మాట దగ్గర ఆపమని, కళ్ళద్దాలు తుడిచి ఇమ్మంది. తర్వాత మనం ఇంకో నవల మొదలుపెట్టాలంది. అయితే ఈసారి ఆవిడ చదువుతుందట, నేను నోట్సు రాయాలట. హోల్మన్‌లా ప్రశ్నలు కూడా తనే వేస్తుందట. నాకు ఇంకే పనీ మిగలనిచ్చేలా లేదు.

ఆ ఆదివారం మీ దగ్గర్నుంచి తిరిగి వస్తూ లిబేరియా దగ్గర భోజనానికి ఆగాం. హెర్నాన్ గారు ట్రక్కులో పెట్రోలు పోయించడానికి వెళ్ళారు, నేనొక్కదాన్నే బల్ల దగ్గర కూర్చున్నాను. వడ్డించే ఆవిడ నా ముఖం చూసి, ఏమీ అడగకుండా కాఫీ తెచ్చి పెట్టింది. కాసేపాగి, "పిల్లలున్నారా మీకు?" అంది. ఎవరడిగినా నేను ఎప్పుడూ ఒకటే చెప్పేదాన్ని, చెయ్యి నడుం దగ్గర పెట్టి, "ఇంత పిల్ల ఉందండీ" అనేదాన్ని. ఆ రోజు కూడా లేచి నిలబడితే చెయ్యి అలవాటుగా నడుం దగ్గరికే వెళ్ళింది. అక్కడ ఆగి, పైకి లేచి, నా తల దాటి ఇంకొంచెం పైకి వెళ్ళింది.

"అమ్మాయి" అన్నాను. "నాకంటే పొడుగు."

నీ
అమ్మ